స్కీమాలు: అందరికీ ఒకటా, సెంటర్‌కొకటా, విడి డేటాబేసా?

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఏ కోచింగ్ సెంటర్‌లోకి వెళ్లినా కౌంటర్ మీద ఫీజుల సాఫ్ట్‌వేర్ ఒకటి నడుస్తూ ఉంటుంది. విద్యార్థులు, బ్యాచ్‌లు, రసీదులు, హాజరు. టేబుళ్లు అన్నిచోట్లా దాదాపు ఇవే. మాదాపూర్‌లోనో కూకట్‌పల్లిలోనో నలుగురైదుగురు కూర్చుని ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసి యాభై సెంటర్లకు ఇద్దామనుకుంటే, మొదటి టేబుల్ రాయకముందే ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ యాభై సెంటర్ల డేటా ఒకే స్కీమాలో (టేబుళ్లను ఒక పేరు కింద గుంపుగా ఉంచే అరలో) కలిపి పెట్టాలా, ఒక్కో సెంటర్‌కి ఒక్కో స్కీమా తెరవాలా, లేక డేటాబేసులే విడివిడిగా ఉండాలా?

మా సలహా ముందే చెప్పేస్తున్నాం. చిన్న టీమ్ అయితే, సెంటర్లన్నిటికీ టేబుళ్ల ఆకారం ఒకటే అయితే, ఒకే స్కీమా పెట్టి ప్రతి టేబుల్లో సెంటర్ ఐడీ కాలమ్ ఉంచండి. సెంటర్‌కో స్కీమా మొదట్లో ఎంతో శుభ్రంగా కనిపిస్తుంది. దాని ఖర్చు రెండో ఏడాదిలో తెలుస్తుంది. ఎందుకో లెక్కలతో సహా కింద ఉంది. ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా పోస్ట్‌గ్రెస్‌వి. మిగతా డేటాబేసుల్లో తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

స్కీమా అన్న మాట ఒక్కో చోట ఒక్కో అర్థం

పోస్ట్‌గ్రెస్‌లో డేటాబేస్ లోపల స్కీమాలు ఉంటాయి. స్కీమా లోపల టేబుళ్లు ఉంటాయి. ఒకే కనెక్షన్‌తో ఆ డేటాబేస్‌లోని స్కీమాలన్నిటినీ కలిపి జాయిన్ చేయవచ్చు. కానీ ఒక డేటాబేస్ నుంచి ఇంకో డేటాబేస్‌లోకి నేరుగా చూడలేరు. దానికి పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌డీడబ్ల్యూ లేదా డీబీలింక్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవాల్సిందే.

మైఎస్‌క్యూఎల్‌లో ఈ రెండు అంతస్తులు లేవు. అక్కడ క్రియేట్ స్కీమా అన్నా క్రియేట్ డేటాబేస్ అన్నా ఒకటే. అందుకని మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లకి ఈ మూడు దారులు రెండే అవుతాయి. ఒకే సర్వర్‌లోని రెండు స్కీమాల మధ్య జాయిన్ మాత్రం మామూలుగానే నడుస్తుంది.

ఒరాకిల్‌లో స్కీమా అంటే యూజరే. క్రియేట్ యూజర్ అన్నప్పుడే అదే పేరుతో స్కీమా పుడుతుంది. క్రియేట్ స్కీమా అనే ఆదేశం కూడా ఉంది గానీ అది కొత్త స్కీమాను సృష్టించదు. ఉన్న స్కీమాలో నాలుగు టేబుళ్లు, వ్యూలు (పేరు పెట్టి దాచిన క్వెరీలు), గ్రాంట్లు (హక్కులు ఇవ్వడం) ఒకే దెబ్బకు చేయడానికి అది. పేరు చూసి మోసపోయేవాళ్లు చాలామంది. ఇంకొకటి: కొత్త యూజర్‌కి టేబుల్‌స్పేస్ మీద కోటా ఇవ్వడం మరిచిపోతే టేబుల్ సృష్టించడం వరకు బాగానే జరిగిపోవచ్చు. మొదటి వరుస చేర్చబోతే ఓఆర్ఏ-01950 వస్తుంది. 11జీ రెండో విడుదల నుంచి, సెగ్మెంట్‌ను మొదటి ఇన్సర్ట్ దాకా వాయిదా వేయడం వల్ల ఇలా జరుగుతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2005 వెర్షన్ నుంచి యూజర్, స్కీమా వేరయ్యాయి. డిఫాల్ట్ స్కీమా డీబీఓ. అక్కడ క్రియేట్ స్కీమా ఆదేశం ఆ బ్యాచ్‌లో మొదటిది అయి ఉండాలి. 'లేకపోతేనే సృష్టించు' అని ఇఫ్ వెనక రాయబోతే లోపం చూపుతుంది, ఎగ్జెక్ లోపల స్ట్రింగ్‌గా ఇవ్వాలి. టేబుల్‌ను ఒక స్కీమా నుంచి ఇంకో స్కీమాకి ట్రాన్స్‌ఫర్ చేస్తే దాని మీద నేరుగా ఇచ్చిన పర్మిషన్లు పోతాయి. వాటిని మళ్లీ ఇవ్వాలి.

హాస్టల్ మంచం, ఫ్లాట్, విడి ఇల్లు

ఒకే స్కీమాలో సెంటర్ ఐడీతో పెట్టడం అమీర్‌పేట హాస్టల్లో షేరింగ్ గది లాంటిది. గది ఒకటే, బీరువాలు వేరు, ఎవరి తాళం వాళ్లది. సెంటర్‌కో స్కీమా అంటే అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్: తలుపు వేరు, కానీ నీళ్ల ట్యాంకు, లిఫ్టు, మోటారు అందరిదీ ఒకటే. విడి డేటాబేస్ అంటే ప్రహరీగోడతో ఇల్లు. అయితే పోస్ట్‌గ్రెస్‌లో ఆ ఇల్లు కూడా గేటెడ్ కమ్యూనిటీ లోపలిదే. దాని సంగతి తర్వాత.

ఏది సులువు అని చూసి ఎంచుకుంటే పొరపాటు, మొదటి వారంలో మూడూ సులువే. ఇవి అడగండి: ఒక సెంటర్ వాళ్లు పొరపాటున నిన్నటి రసీదులన్నీ తుడిచేస్తే, ఆ ఒక్కరివే ఎలా వెనక్కి తెస్తారు? రసీదుల టేబుల్‌కి ఒక కాలమ్ కలపాల్సి వస్తే ఎన్నిసార్లు కలపాలి? ఒక సెంటర్ డేటా ఇంకొకరికి కనిపించకుండా ఆపేది మీ కోడా, డేటాబేసా?

ఒకే స్కీమా, సెంటర్ ఐడీ కాలమ్

దీనిలో అసలు భయం ఒకటే: ఎవరో ఒక క్వెరీలో 'వేర్ సెంటర్ ఐడీ' రాయడం మరిచిపోతారు, దిల్‌సుఖ్‌నగర్ సెంటర్ వాళ్ల తెర మీద కూకట్‌పల్లి విద్యార్థుల ఫోన్ నంబర్లు ప్రత్యక్షమవుతాయి. కోడ్ రివ్యూతోనే దీన్ని ఆపగలమని నమ్మకండి. పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి రో లెవెల్ సెక్యూరిటీ ఉంది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016 నుంచి ఉంది. దాన్ని వాడండి. మైఎస్‌క్యూఎల్‌లో ఇది లేదు, వ్యూలతో సర్దుకోవాలి. అందువల్ల మైఎస్‌క్యూఎల్‌లో ఈ దారి కొంచెం బలహీనమే.

పోస్ట్‌గ్రెస్‌లో చేసే పని ఇది. ప్రతి టేబుల్ మీద రో లెవెల్ సెక్యూరిటీ ఎనేబుల్ చేసి, 'ఈ వరుసలోని సెంటర్ ఐడీ, ఈ సెషన్‌లో పెట్టిన సెంటర్ ఐడీ ఒకటైతేనే చూపించు' అని పాలసీ రాస్తారు. అప్లికేషన్ ప్రతి ట్రాన్సాక్షన్ (ఒకటిగా జరిగే క్వెరీల గుంపు) మొదట్లో సెట్ లోకల్‌తో ఆ ఐడీ పెడుతుంది. వినడానికి రెండు లైన్ల పని. తప్పు జరిగే చోట్లు మాత్రం చాలా ఉన్నాయి, ఒక్కొక్కటీ తెలుసుకోవాల్సినదే.

టేబుల్ ఓనర్‌కి పాలసీ వర్తించదు. టేబుళ్లు సృష్టించిన లాగిన్‌తోనే అప్లికేషన్ కూడా కనెక్ట్ అవుతుంటే, పాలసీ రాసినా రాయనట్టే. టెస్టులో అన్ని వరుసలూ కనిపిస్తుంటే ముందు చూడాల్సింది ఇదే. ఓనర్ రోల్ వేరుగా, అప్లికేషన్ రోల్ వేరుగా పెట్టండి. అదనంగా ఫోర్స్ రో లెవెల్ సెక్యూరిటీ కూడా పెడితే ఓనర్‌కీ వర్తిస్తుంది. సూపర్‌యూజర్‌కి, బైపాస్ ఆర్‌ఎల్‌ఎస్ (రో లెవెల్ సెక్యూరిటీని దాటిపోయే హక్కు) ఉన్న రోల్‌కి మాత్రం ఎప్పటికీ వర్తించదు.

వ్యూలు ఇంకో సందు. వ్యూ మామూలుగా దాని ఓనర్ హక్కులతో నడుస్తుంది. కాబట్టి ఓనర్ రాసిన 'ఈ నెల బకాయిలు' వ్యూలో అన్ని సెంటర్ల బకాయిలూ కనిపించవచ్చు. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి వ్యూకి సెక్యూరిటీ ఇన్వోకర్ అనే ఆప్షన్ వచ్చింది. దాన్ని ఆన్ చేస్తే అడిగినవాళ్ల హక్కులతో నడుస్తుంది.

ఫారిన్ కీ (ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్ వరుసను చూపే లింకు) తనిఖీలు పాలసీని పట్టించుకోవు. ఇది చాలామందికి తెలియదు. రసీదులో విద్యార్థి ఐడీ మాత్రమే ఫారిన్ కీగా ఉంటే, 17వ సెంటర్ రసీదు 23వ సెంటర్ విద్యార్థిని చూపించినా డేటాబేస్ ఒప్పుకుంటుంది. ఆ విద్యార్థి కనిపించకపోయినా సరే, ఉన్నాడా లేడా అన్నదే చూస్తుంది. అందుకే కీలు జంటగా పెట్టాలి: విద్యార్థుల టేబుల్లో సెంటర్ ఐడీ, విద్యార్థి ఐడీ కలిపి ప్రైమరీ కీ. రసీదుల్లో ఆ రెండూ కలిపి ఫారిన్ కీ. యూనిక్ కూడా అంతే. ఫోన్ నంబర్ ఒక్కదాని మీదే యూనిక్ పెడితే, ఒక సెంటర్‌లో చేరిన పిల్లవాడు ఇంకో సెంటర్‌లో చేరబోయేసరికి 'ఈ నంబర్ ఇప్పటికే ఉంది' అని వస్తుంది. రెండు సెంటర్లలో చేరే పిల్లలు ఈ ఊళ్లో తక్కువేం కాదు. పని ఆగడంతో పాటు, ఆ అబ్బాయి వేరేచోట చేరాడన్న రహస్యం కూడా బయటపడింది. సెంటర్ ఐడీ, ఫోన్ నంబర్ కలిపి యూనిక్ పెట్టాలి. రసీదు నంబర్‌కీ ఇదే పద్ధతి.

ఇంకో చిన్న ముల్లు. సెట్ లోకల్‌తో పెట్టిన విలువ ట్రాన్సాక్షన్ ముగిశాక పోతుంది, కానీ అదే కనెక్షన్‌లో తర్వాత అడిగితే నల్ రాదు, ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. పాలసీలో దాన్ని నేరుగా ఇంటీజర్‌గా మారుస్తుంటే, ఐడీ పెట్టడం మరిచిపోయిన క్వెరీ కొత్త కనెక్షన్ మీద ఖాళీ ఫలితం ఇస్తుంది, పాత కనెక్షన్ మీద ఎర్రర్ ఇస్తుంది. ఒకే తప్పు రెండు వేషాల్లో కనిపిస్తే దాన్ని వెతకడానికి రోజు పోతుంది. పాలసీలో నల్‌ఇఫ్ వాడి ఖాళీ స్ట్రింగ్‌ను నల్ చేసేయండి.

ట్రంకేట్ ఆదేశానికి పాలసీ అడ్డు రాదు, టేబుల్ మొత్తం ఖాళీ అవుతుంది. అప్లికేషన్ రోల్‌కి ఆ హక్కు ఇవ్వకండి. బ్యాకప్ తీసే రోల్‌కి మాత్రం బైపాస్ ఆర్‌ఎల్‌ఎస్ కావాలి. లేకపోతే పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ టూల్ పీజీ డంప్ సగం డేటాతో సరిపెట్టుకోకుండా ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. అలా ఆగడమే మంచిది.

ఇండెక్సులన్నీ సెంటర్ ఐడీతో మొదలవ్వాలి. ఆ తర్వాత తేదీయో బ్యాచ్ ఐడీయో. ఒక్క పెద్ద సెంటర్‌కే మొత్తం వరుసల్లో సగం ఉంటే దాన్ని లిస్ట్ పార్టిషన్‌గా విడదీయవచ్చు. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఆ సౌకర్యం ఉంది. ఒకరి డేటా మొత్తం తీసేయాల్సి వస్తే పార్టిషన్‌ను విడదీసి డ్రాప్ చేస్తే సరి. పార్టిషన్ లేకపోతే డిలీట్ చేయాలి. అప్పుడు పదేసి వేల వరుసల చొప్పున, మధ్యలో కమిట్ చేస్తూ తీయండి. ఒకేసారి తీస్తే ట్రాన్సాక్షన్ సాగిపోయి, ఆ సేపు వ్యాక్యూమ్ చచ్చిన వరుసలను శుభ్రం చేయలేదు.

ఇక ఒక్కరి డేటా వెనక్కి తేవడం. ఈ దారిలో ఇదే బరువైన పని. బ్యాకప్ మొత్తాన్ని వేరే సర్వర్‌లో రిస్టోర్ చేసి, ఆ సెంటర్ ఐడీ ఉన్న వరుసలను కాపీ ఆదేశంతో ఫైళ్లుగా తీసి, అసలు డేటాబేస్‌లో ఫారిన్ కీల వరుసక్రమంలో ఎక్కించాలి: ముందు బ్యాచ్‌లు, తర్వాత విద్యార్థులు, ఆ తర్వాత రసీదులు, హాజరు. దీనికి స్క్రిప్టు ముందే రాసి, మూడు నెలలకోసారి నడిపి చూసుకోండి. జూన్‌లో అడ్మిషన్ల హడావిడి మధ్య, కౌంటర్ దగ్గర తల్లిదండ్రులు నిలబడి ఉండగా మొదటిసారి రాయబోతే క్రమం తప్పుతుంది.

సెంటర్‌కో స్కీమా

టేబుళ్లలో సెంటర్ ఐడీ ఉండదు. కనెక్షన్ మొదట్లో సెర్చ్ పాత్‌ను (టేబుల్ పేరును ఏ స్కీమాలో వెతకాలో చెప్పే సెట్టింగ్‌ను) ఆ సెంటర్ స్కీమాకి మారిస్తే, తర్వాత క్వెరీలన్నీ దానికే వెళతాయి. వేర్ మరిచిపోయే భయం పోయింది. పీజీ డంప్‌కి ఒక స్కీమా పేరు ఇస్తే ఆ ఒక్కదాని బ్యాకప్ వస్తుంది. పదిహేను, ఇరవై సెంటర్లు, అందులో ఒకరికి హాస్టల్ టేబుళ్లు, ఇంకొకరికి బస్సు రూట్ల టేబుళ్లు అదనంగా కావాలంటే ఇది నిజంగా బాగుంటుంది. అక్కడిదాకా మాకు అభ్యంతరం లేదు.

మూడు వందల సెంటర్లకి పెరిగితే లెక్క చూడండి. ఒక్కో స్కీమాలో 45 టేబుళ్లు అనుకుంటే మొత్తం 13,500. టెక్స్ట్ కాలమ్, ప్రైమరీ కీ ఉన్న టేబుల్ ఒక్కదానికి లోపల నాలుగు రిలేషన్లు పుడతాయి: టేబుల్, దాని ఇండెక్స్, టోస్ట్ టేబుల్ (పెద్ద విలువలను విడిగా దాచేది), టోస్ట్ ఇండెక్స్. అన్ని టేబుళ్లూ ఇలాంటివే అయితే 54,000 ఫైళ్లు, మిగతా ఇండెక్సులు కలపకుండానే. సగం సెంటర్లలో వంద మంది పిల్లలు కూడా లేకపోయినా ఇంతే. చచ్చిన వరుసలను తనంతట తానే శుభ్రం చేసే ఆటోవ్యాక్యూమ్ వీటన్నిటినీ తిరిగి చూడాలి. ఒక కనెక్షన్ ఎన్ని స్కీమాలను ముట్టుకుంటే అన్ని టేబుళ్ల వివరాలను తన మెమరీలో దాచుకుంటుంది. ఆ మెమరీ కనెక్షన్ బతికున్నంతసేపూ పెరుగుతూ పోతుంది.

ఒక రాత్రి మొత్తం డేటాబేస్ బ్యాకప్ 'అవుట్ ఆఫ్ షేర్డ్ మెమరీ' అంటూ ఆగుతుంది. ర్యామ్ చాలలేదనుకుని మెషీన్ పెంచడం వృథా. పీజీ డంప్ ప్రతి టేబుల్ మీద ఒక లాక్ తీసుకుంటుంది. లాకులు పట్టే చోటు సుమారుగా మ్యాక్స్ లాక్స్ పర్ ట్రాన్సాక్షన్ గుణించి మ్యాక్స్ కనెక్షన్స్. డిఫాల్టులో 64 గుణించి 100, అంటే 6,400. మీ టేబుళ్లు 13,500. మొదటి సెట్టింగ్‌ను 256కి పెంచితే తీరుతుంది, కానీ దానికి సర్వర్ రీస్టార్ట్ కావాలి. సెంటర్లు వంద దాటకముందే పెంచి పెట్టుకోండి.

మైఎస్‌క్యూఎల్‌లోనూ ఇదే బరువు ఇంకో రూపంలో వస్తుంది. టేబుల్ ఓపెన్ క్యాష్ డిఫాల్ట్ విలువ 8.0లో 4,000. 13,500 టేబుళ్ల మధ్య తిరిగే అప్లికేషన్ వాటిని తెరుస్తూ మూస్తూనే ఉంటుంది.

అసలు నొప్పి మైగ్రేషన్లలో, అంటే టేబుళ్ల ఆకారం మార్చేటప్పుడు. రసీదులకు ఒక కాలమ్ కలపాలంటే 300 సార్లు కలపాలి. మొత్తం ఒకే ట్రాన్సాక్షన్‌లో చేస్తే, మొదటి సెంటర్ టేబుల్ మీద పడిన లాక్ చివరి సెంటర్ పూర్తయ్యేదాకా వదలదు. కాబట్టి స్కీమాకో ట్రాన్సాక్షన్ పెట్టాలి. లాక్ టైమ్‌అవుట్ మూడు సెకన్లు పెట్టి, దొరక్కపోతే వదిలేసి మళ్లీ ప్రయత్నించాలి. ప్రతి స్కీమాలో వెర్షన్ నంబర్ టేబుల్ ఉండాలి. 187వ స్కీమా దగ్గర ఆగిపోయిందనుకోండి, 186 కొత్త ఆకారంలో ఉంటాయి, 114 పాత ఆకారంలో. మీ అప్లికేషన్ కోడ్ ఈ రెండింటితోనూ నడవాలి. ఈ నియమం పాటించలేని టీమ్ ఈ దారి తొక్కకూడదు. మైఎస్‌క్యూఎల్ అయితే ఇంకా జాగ్రత్త: అక్కడ ప్రతి డీడీఎల్ ఆదేశం (టేబుళ్లను సృష్టించేవి, మార్చేవి) తనంతట తానే కమిట్ అయిపోతుంది, ఒక స్కీమాలో ఐదు మార్పుల్లో మూడు జరిగి ఆగితే రోల్‌బ్యాక్ లేదు.

కనెక్షన్లను పంచే టూల్ పీజీబౌన్సర్‌ను ట్రాన్సాక్షన్ మోడ్‌లో (ట్రాన్సాక్షన్ ముగియగానే కనెక్షన్‌ను ఇంకొకరికి ఇచ్చే పద్ధతిలో) పెట్టి మామూలు సెట్‌తో సెర్చ్ పాత్ మారిస్తే, ఆ సెట్టింగ్ సర్వర్ కనెక్షన్‌కి అంటుకుని ఉండిపోతుంది. తర్వాత ఆ కనెక్షన్ ఇంకో సెంటర్‌కి వెళుతుంది. వాళ్ల రసీదు వీళ్ల స్కీమాలో పడుతుంది. వేర్ మరిచిపోవడం కన్నా ఇది ప్రమాదం, ఎందుకంటే వరుసలో సెంటర్ ఐడీ లేదు కనుక ఏ రసీదు ఎవరిదో తర్వాత తేల్చలేరు. సెట్ లోకల్ మాత్రమే, అదీ ట్రాన్సాక్షన్ లోపలే. ఈ దారి ఎంచుకున్నా సరే, టేబుళ్లలో సెంటర్ ఐడీ కాలమ్ ఉంచి దాని మీద చెక్ పెట్టమని గట్టిగా చెబుతాం. నాలుగు బైట్ల ఖర్చు, కానీ తప్పు స్కీమాలో పడబోయే వరుస అక్కడే ఆగిపోతుంది.

ఒక్కో స్కీమా బ్యాకప్ సులువే అన్నాం, రిస్టోర్ అంత సులువు కాదు. పీజీ రిస్టోర్‌లో స్కీమా పేరు మార్చే ఆప్షన్ లేదు. ఇప్పుడున్న స్కీమాను చెరపకుండా పాతదాన్ని పక్కన పెట్టి పోల్చాలంటే, వేరే ఖాళీ డేటాబేస్‌లో రిస్టోర్ చేసి, ఆల్టర్ స్కీమా రీనేమ్ చేసి, మళ్లీ డంప్ తీసి తేవాలి. ఫంక్షన్ల లోపల స్కీమా పేరు అక్షరాలా రాసి ఉంటే రీనేమ్ దాన్ని మార్చదు. అందరికీ ఉమ్మడిగా ఉన్న స్కీమాలోని టేబుళ్లు, ఎక్స్‌టెన్షన్లు ఆ ఒక్క స్కీమా డంప్‌లో రావు. వాటిని ముందే అక్కడ పెట్టాలి.

విడి డేటాబేస్

కొద్దిమంది పెద్ద కస్టమర్లకు ఇది సరైనది. ఒకరి డేటాబేస్‌ను వేరే మెషీన్‌కి మార్చవచ్చు, అప్‌గ్రేడ్ ఆలస్యం చేయమంటే ఆలస్యం చేయవచ్చు. చేతులు కాలే చోట్లు రెండున్నాయి.

మొదటిది కనెక్షన్లు. పీజీబౌన్సర్ పూల్ డేటాబేస్, యూజర్ జంటకొకటి. డిఫాల్ట్ పూల్ సైజు 20. యాభై డేటాబేసులైతే వెయ్యి కనెక్షన్ల దాకా వెళ్లగలదు. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పరిమితి 100. పూల్ సైజును రెండుకో మూడుకో తగ్గించాలి.

రెండోది, గేటెడ్ కమ్యూనిటీ అన్న మాట ఇందుకే. రోల్స్ సర్వర్‌లోని డేటాబేసులన్నిటికీ ఉమ్మడి. పాయింట్ ఇన్ టైమ్ రికవరీ కూడా సర్వర్ మొత్తానికే. 'నిన్న మధ్యాహ్నం 3:10కి ఉన్నట్టు ఈ ఒక్క డేటాబేస్ కావాలి' అంటే మొత్తం సర్వర్‌ను పక్కన ఆ క్షణానికి రిస్టోర్ చేసి, అందులోంచి ఆ ఒక్కదాన్ని డంప్ తీయాలి. విడి డేటాబేస్ పెట్టాం కాబట్టి విడిగా వెనక్కి తిప్పగలమని ఒప్పందంలో రాసి ఇవ్వకండి. అంత విడి కావాలంటే సర్వర్ ఇన్‌స్టెన్సే విడిగా ఉండాలి.

కొత్త డేటాబేస్‌ను టెంప్లేట్ నుంచి కాపీ చేస్తుంటే, ఆ టెంప్లేట్‌కి ఎవరూ కనెక్ట్ అయి ఉండకూడదు. ఎవరో ఒకరు అడ్మిన్ టూల్‌లో దాన్ని తెరిచి ఉంచితే కొత్త కస్టమర్ నమోదు ఆగిపోతుంది. క్రియేట్ డేటాబేస్ ట్రాన్సాక్షన్ లోపల నడవదు కూడా.

పని వారీగా స్కీమాలు మాత్రం తప్పక పెట్టండి

పైన ఏ దారి ఎంచుకున్నా, డేటాబేస్ లోపల ఫీజులకో స్కీమా, చదువు సంబంధమైనవాటికి ఒకటి, రిపోర్టులకు ఒకటి పెట్టడం మేలు. ఎప్పుడు విడదీయాలంటే, హక్కులు వేరైనప్పుడు. అకౌంటెంట్ చూసేవీ ఫ్యాకల్టీ చూసేవీ వేరు కాబట్టి వేరు. పేర్లు అందంగా ఉంటాయని మాత్రమే అయితే అక్కర్లేదు. డేటా ఎంతకాలం ఉంచాలన్నది కూడా వేరవుతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న సెంటర్ తన లెక్కలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 మాత్రం, వేరే చట్టం అడగకపోతే, అవసరం తీరిన వ్యక్తిగత వివరాలను తుడిచేయమంటుంది. కోర్సు అయిపోయిన పిల్లవాడి హాజరు, ఫొటో పోవాలి, రసీదు నిలవాలి. రెండూ ఒకే టేబుల్లో కలిసిపోయి ఉంటే ఆ పని నరకం.

పోస్ట్‌గ్రెస్‌లో సృష్టించే క్రమం ఇది:

1. లాగిన్ లేని ఓనర్ రోల్ ఒకటి సృష్టించండి. క్లౌడ్ సర్వీసుల్లో మీకిచ్చే అడ్మిన్ నిజమైన సూపర్‌యూజర్ కాదు. కాబట్టి ఆ ఓనర్ రోల్‌ను ముందు మీ లాగిన్‌కి గ్రాంట్ చేసుకోండి, లేకపోతే తర్వాతి మెట్టు దగ్గర ఆగుతుంది.

2. క్రియేట్ స్కీమా, ఆథరైజేషన్ ఓనర్ రోల్‌కి. ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ పెడితే, అదే పేరుతో స్కీమా వేరొకరి ఓనర్‌షిప్‌లో ఉన్నా నోటీసు ఇచ్చి దాటిపోతుంది. ఆ తర్వాత ఓనర్ ఎవరో ఒకసారి చూసుకోండి.

3. పబ్లిక్ స్కీమా మీద అందరికీ ఉన్న క్రియేట్ హక్కు తీసేయండి. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి కొత్త డేటాబేసుల్లో అది లేదు. పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ అయిన డేటాబేస్‌లో పాత హక్కే కొనసాగుతుంది. 16 వాడుతున్నాం కదా అని ఊరుకోకండి.

4. అప్లికేషన్ రోల్‌కి స్కీమా మీద యూసేజ్, టేబుళ్ల మీద సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్ ఇవ్వండి. యూసేజ్ లేకుండా టేబుల్ హక్కులు ఎన్ని ఇచ్చినా తలుపు తెరుచుకోదు. సీరియల్ కాలమ్ ఉంటే సీక్వెన్స్ మీద కూడా యూసేజ్ కావాలి. ఐడెంటిటీ కాలమ్ వాడితే ఆ గొడవ లేదు.

5. ఆల్టర్ డీఫాల్ట్ ప్రివిలేజెస్ ఓనర్ రోల్ పేరు మీద పెట్టండి. ఇది ఇకముందు ఆ రోల్ సృష్టించే టేబుళ్లకే వర్తిస్తుంది. ఎవరైనా సొంత లాగిన్‌తో టేబుల్ సృష్టిస్తే వర్తించదు. 'కొత్త టేబుల్ రిపోర్టులో రావట్లేదు, పర్మిషన్ డినైడ్' అన్న ఫిర్యాదు ఎక్కువసార్లు ఇక్కడినుంచే వస్తుంది. మైగ్రేషన్లు మొదట సెట్ రోల్‌తో ఓనర్‌గా మారి నడవాలి.

6. సెర్చ్ పాత్‌ను అప్లికేషన్ రోల్ మీదే ఆల్టర్ రోల్‌తో పెట్టండి. సెక్యూరిటీ డిఫైనర్ ఫంక్షన్లలో (ఓనర్ హక్కులతో నడిచేవాటిలో) మాత్రం ఫంక్షన్ నిర్వచనంలోనే పెట్టండి.

తీసేయాల్సి వస్తే డ్రాప్ స్కీమా మామూలుగా ఖాళీ కాని స్కీమాను ముట్టదు. క్యాస్కేడ్ రాస్తే లోపలున్నవన్నీ, వాటి మీద ఆధారపడ్డ బయటి వ్యూలతో సహా పోతాయి. మైఎస్‌క్యూఎల్‌లో ఆ మొదటి రక్షణ కూడా లేదు. డ్రాప్ స్కీమా అంటే టేబుళ్లతో సహా పోయినట్టే.

పేర్ల దగ్గర

స్కీమాకి సెంటర్ పేరు పెట్టకండి, నంబర్ పెట్టండి. సెంటర్లు పేర్లు మార్చుకుంటాయి, ఒకే పేరుతో ఇద్దరుంటారు. పోస్ట్‌గ్రెస్‌లో పేరుకు 63 బైట్లే. తెలుగు అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కోటీ మూడు బైట్లు, అంటే 21 కోడ్‌లు. దాటితే నోటీసు ఇచ్చి కోసేస్తుంది, మొదటి భాగం ఒకటే అయిన రెండు పేర్లు ఢీకొంటాయి. తెలుగులో మనకి ఇంకో చిక్కుంది. 'దిల్‌సుఖ్‌నగర్' అని టైప్ చేసేటప్పుడు పొల్లు తర్వాత ఒత్తు పడకుండా కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ చేరుస్తాయి. అది ఉన్న పేరు, లేని పేరు డేటాబేస్‌కి వేర్వేరు. 'నగర్' చివర చేరినా కంటికి తేడా తెలియదు. తెలుగు పేరు కాలమ్‌లో ఉండనివ్వండి, స్కీమా పేరుకు మాత్రం చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్.

అండర్‌స్కోర్ దగ్గర మైఎస్‌క్యూఎల్ వాళ్లకి ఒక మాట. గ్రాంట్‌లో డేటాబేస్ పేరు రాసేటప్పుడు అండర్‌స్కోర్ అంటే 'ఏదైనా ఒక అక్షరం' అని అర్థం. దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టకపోతే, ఆ నమూనాకి సరిపోయే పక్క డేటాబేసుల మీద కూడా హక్కు వెళ్లిపోతుంది.

ఎంచుకునేటప్పుడు

సెంటర్లు ఎన్నైనా, టేబుళ్లు ఒకేలా ఉంటే, పోస్ట్‌గ్రెస్ లేదా ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే ఒకే స్కీమా, సెంటర్ ఐడీ, రో లెవెల్ సెక్యూరిటీ. ముప్పై నలభైకి మించరని ఖాయంగా తెలిసి, ఒక్కొక్కరికి టేబుళ్లే వేరుగా కావాలంటే సెంటర్‌కో స్కీమా. మైఎస్‌క్యూఎల్‌లో తక్కువమంది ఉండి, గోప్యత ముఖ్యమైతే కస్టమర్‌కో స్కీమా, దానికో యూజర్.

సోమాజిగూడ ఆసుపత్రి లాంటి పెద్ద కస్టమర్ వచ్చి 'మా డేటా వేరుగా ఉండాలి' అంటే, ఆ 'వేరు' అంటే ఏమిటో కాగితం మీద రాయించుకోండి. లాగిన్ వేరా? బ్యాకప్ ఫైల్ వేరా? విడిగా వెనక్కి తిప్పగలగాలా? మెషీన్ వేరా? హైదరాబాద్‌లోనే ఉండాలా? అమెజాన్ క్లౌడ్‌కి 2022 నవంబర్ నుంచి హైదరాబాద్ రీజియన్ ఉంది కాబట్టి ఆ చివరిదీ సాధ్యమే. లాగిన్ ఒక్కటే అడిగితే ఒకే స్కీమా చాలు. విడిగా వెనక్కి తిప్పాలంటే విడి ఇన్‌స్టెన్స్ తప్ప దారి లేదు, ధర కూడా దానికి తగ్గట్టు చెప్పాలి.

ఉమ్మడి స్కీమాలో ఉన్న ఒకరిని అలా బయటికి పంపడం, కీలు జంటగా పెట్టి ఉంటే పెద్ద పని కాదు. కొత్త సర్వర్‌లో అదే వెర్షన్ స్కీమా సృష్టించండి, సెంటర్ ఐడీ కాలమ్‌తో సహా. ఆ సెంటర్‌ను రాత్రి చదవడానికి మాత్రమే మార్చి, వరుసలను కాపీతో తీసి ఫారిన్ కీల క్రమంలో ఎక్కించండి. టేబుల్ టేబుల్‌కీ వరుసల సంఖ్య, రసీదుల మొత్తం రూపాయలు రెండు వైపులా సరిపోల్చండి. సీక్వెన్సులను ఆ టేబుల్లోని గరిష్ఠ ఐడీ దాటించి పెట్టండి. ఇది మరిచిపోతే తెల్లారి మొదటి రసీదే డూప్లికేట్ కీ అని ఆగుతుంది. కనెక్షన్ చిరునామా మార్చి, పాత వరుసలను వెంటనే తుడవకుండా నెల రోజులు తాళం వేసి ఉంచండి. ఆ నెలలో వాళ్ల అకౌంటెంట్ ఒకసారి నెలాఖరు లెక్క సరిచూసుకున్నాక తీసేయవచ్చు.